మూడు మూరలు నా చేతివి

మా నాయన నేసిన ఆఖరి తువ్వాలు ఇప్పుడు నా ఒడిలో ఉంది. దాని మీద కుడిచెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను, కింద రాసేదంతా అక్షరాలా నిజం. ఆదోనిలో నన్ను ఎరిగినవాళ్లు ఈ మాట చదివి నవ్వుతారని తెలుసు. దేవరగట్టులో దసరానాడు జరిగే కట్టెల కొట్లాటలో ఒక కట్టె మనిషి చేతిలోంచి తప్పించుకుని నన్ను హొళగుంద దాకా తరిమిందని చెప్పినవాణ్ని నేనే. పత్తికొండ టమేటా ఒకటి ట్రాక్టరు దిగి, ఆటో మాట్లాడుకుని మార్కెట్టుకు పోయిందని చెప్పినవాణ్నీ నేనే. కానీ ఆ రెండింటికీ నేనెప్పుడూ ప్రమాణం చేయలేదు. నవ్వించడానికి చెప్పినవి అవి. ఇది అట్లాంటిది కాదు.

ఆదోనిలో కుట్టుమిషన్లు బాగుచేసే షాపు పైన నాకొక గది ఉంది. అక్కడ ఇంగ్లీషు మాట్లాడటం నేర్పుతాను. కింద మిషను ఆడుతున్నంతసేపూ పైన నా బోర్డు సన్నగా వణుకుతుంటుంది. ఇంటర్వ్యూలకు పోవాలనుకునే పిల్లలు, బట్టల కొట్లలో గుమాస్తాలు, దుబాయి పోవాలనుకునే ఇద్దరు ఏసీ మెకానిక్కులు, ఇదీ నా తరగతి. ఎమ్మిగనూరు నుంచి ఒక అమ్మాయి వస్తుంది. డిగ్రీ అయిపోయింది. నా చిన్ననాటి స్నేహితుడి కూతురు. క్లాసులో ఉన్నంతసేపు నన్ను సార్ అంటుంది, మెట్లు దిగగానే మామా అంటుంది.

ఒక శుక్రవారం ఆ అమ్మాయే అడిగింది.

"సార్, ఫిల్ ఇన్ ఫర్ అంటే ఏంది సార్? పుస్తకంలో ఉంది. అర్జీ నింపేదా?"

"అర్జీ నింపేది ఫిల్ ఇన్. పక్కన ఫర్ వచ్చి, దాని పక్కన మనిషి వచ్చినాడంటే వేరే" అని బోర్డు మీద రాశాను. ఒక మనిషి తన పనికి రాలేకపోతే, ఆ కాసేపు, ఆ కొన్ని రోజులు, అతని బదులు ఇంకొకరు ఆ పని చేయడం. స్టాండ్ ఇన్ ఫర్ అన్నా అదే. కవర్ ఫర్, సబ్‌స్టిట్యూట్ ఫర్, టేక్ సమ్‌వన్స్ ప్లేస్, వరసగా రాసుకుంటూ పోయాను. ఆఫీసుల్లో పెద్ద కుర్చీకి బదులు కూర్చుంటే డెప్యుటైజ్ అంటారని కూడా చెప్పాను. ఏసీ మెకానిక్కు ఒకడు లేచాడు.

"రీప్లేస్ అని రాయలేదు సార్?"

"రాయను. రీప్లేస్ అంటే ముందున్నవాడు ఇంక తిరిగి రాడు. ఫిల్ ఇన్ అంటే వస్తాడు. వచ్చేసరికి అతని చోటు అతనికి ఉండాల. అదే తేడా."

ఈ తేడా ఎంత బాగా చెప్పానో అని లోపల మెచ్చుకుంటూనే, తలా ఒక వాక్యం రాయమన్నాను. అందరివీ దిద్దుతూ ఆ అమ్మాయి నోటుబుక్కు దగ్గరికొచ్చాను. ఇంగ్లీషులో గుండ్రంగా రాసింది. దాని అర్థం ఇది: మా నాయన తన మగ్గం మీద తనకు బదులు ఎవరినీ ఎప్పుడూ కూర్చోనివ్వలేదు.

తప్పేమీ లేదు. టిక్కు పెట్టాను. కానీ ఎర్రపెన్ను అక్కడితో ఆగలేదు. టిక్కు పక్కన చిన్న ప్రశ్నార్థకం కూడా పెట్టింది.

"ఇది ఎందుకు సార్?"

"ఏం లేదులేమ్మా, పెన్ను జారింది."

జారలేదు. ఆ మగ్గం మీద వాళ్ల నాయన బదులు కూర్చున్నవాణ్ని నేనే.

రెండేళ్ల కిందటి మాట. ఆ అమ్మాయి తల్లికి కడుపులో గడ్డ తీయాలని కర్నూలులో ఆపరేషను పెట్టారు. తండ్రీ కూతుళ్లిద్దరూ ఆస్పత్రిలో ఉన్నారు. ఎమ్మిగనూరులో ఇంటికి తాళం. లోపల మగ్గం మీద ఒక సన్నపంచె, ఇంకా మూడు మూరలు నేస్తే అయిపోయేది.

నా స్నేహితుడి గురించి ఇక్కడ చెప్పాలి. అతను నేసే పంచెల్ని ఆదోనిలో ఒక గుడ్డల వ్యాపారి తీసుకుంటాడు. అందరం ఆయన్ను సాబు అంటాం. సాబు ముప్పై మగ్గాలకు నూలు ఇస్తాడు. అందులో సన్న నూలు ముట్టేది ఇద్దరు ముగ్గురే. మిగిలినవాళ్లకు ముతక నూలు, తువ్వాళ్లు, దుప్పట్లు. సన్న నూలు రావడమంటే నేతగాడికి అదొక హోదా. గుడ్డ మీద పేరు ఉండదు, అయినా సాబు కళ్లు మూసుకుని రెండువేళ్ల మధ్య నలిపి ఇది ఫలానా చెయ్యి అని చెప్పేస్తాడు. నా స్నేహితుడి పంచెను మాత్రం నలపడు. మీసాలు దువ్వుకున్నట్టు ఒకసారి నిమిరి పక్కన పెడతాడు.

చెయ్యి తెలియడంలో మాయేం లేదు. అడ్డపోగు పడిన ప్రతిసారీ నేతగాడు పలకను తన వైపు లాగి ఆ పోగును కొడతాడు. ఆ దెబ్బ ఒక్కొక్కరిది ఒక్కొక్క తీరు. గట్టిగా పడితే గుడ్డ దట్టం, మెల్లగా పడితే పలచన. అందుకే మా నేతవాళ్ల వీధుల్లో ఒక పద్ధతి ఉండేది. గుడ్డ మొదలుపెట్టిన చెయ్యే ముగించాలి. జ్వరం వస్తే మగ్గం మీద దుప్పటి కప్పి పడుకుంటారు గానీ పక్కవాణ్ని కూర్చోబెట్టరు. నేనూ ఆ వీధిలోనే పుట్టాను. పదహారేళ్లు వచ్చేదాకా మా నాయన మగ్గం మీద తువ్వాళ్లు నేశాను. తర్వాత ఇంగ్లీషు చదువు, ఆదోని, ఈ గది.

ఆస్పత్రి నుంచి అతను ఫోను చేశాడు.

"ఏమప్పా, మూడు మూరలు నిలబడిపోయినాయి. సాబుకు మాట ఇచ్చినాను. నువ్వు పోయి కూచో. నీకు సెయ్యి తిరుగుతాది కదా."

"నా చెయ్యి తువ్వాళ్లకప్పా, పంచెలకు కాదు" అన్నాను.

"మూడు మూరలే కదా, పో" అన్నాడు.

స్నేహితుడు అడిగితే కాదనలేక పోయాను. పక్కింటివాళ్ల దగ్గర తాళంచెవి తీసుకున్నాను. మగ్గం పక్కన ఒక మందపాటి దుప్పటి మడత పెట్టి ఉంది. మగ్గం ముందర కాళ్లు పెట్టే గుంట అంచు గట్టిగా ఉందని దాన్నే కింద వేసుకుని కూర్చున్నాను. కాళ్లు గుంటలోకి దించి తొక్కుడుచెక్కల మీద పెట్టాను. అడ్డపోగు తీసుకుపోయే నాడెను అటు విసిరాను, ఇటు విసిరాను. ముప్పై ఏళ్ల తర్వాత కూడా చేతులకు గుర్తుంది. ఏం సంబరం! బయట వాన మొదలైంది. నేనేమో పాత రాజుల ఆస్థానంలో నేతగాణ్ని అయిపోయాను. రెండుసార్లు పోగు తెగితే అతుక్కున్నాను. తెగిన చోటు కనపడకుండా ఉమ్మి తడిపి మెలిపెట్టాను, మా నాయన నేర్పినట్టు. ఆ సాయంత్రానికి మూడు మూరలూ అయిపోయాయి. మరుసటి రోజు పొద్దున పంచె మడిచి సంచిలో పెట్టుకుని, ఎమ్మిగనూరు నుంచి ఆదోని బస్సెక్కి నేరుగా సాబు అంగడికి పోయాను.

అంగడిలో అప్పటికే ముగ్గురు కొనేవాళ్లు కూర్చున్నారు. సాబు పంచె అందుకుని ఎప్పటిలాగే నిమిరాడు. చెయ్యి మధ్యలో ఆగింది. ఇంకోసారి నిమిరాడు. లేచి వాకిట్లో వెలుతురుకు పట్టి చూశాడు.

"మాస్టరూ, ఈడ చెయ్యి మారింది. ఎవరు కూచున్నారు?"

ముగ్గురూ నా వైపు చూశారు. ఆ ముగ్గురిలో ఒకడు నా దగ్గర చదువుకున్నవాడు. నేను కూచున్నాను సాబ్ అని మూడు మాటలు చెబితే అయిపోయేది. నా చెయ్యి చెడ్డదని నలుగురిలో ఒప్పుకోవాల్సి వచ్చేది, అంతే. కానీ నోరు తెరిచేసరికి కథ తయారుగా ఉంది. నాకు ఎప్పుడూ అంతే, నిజం చెప్పులు వేసుకునేలోపల కథ వీధి మలుపు దాటేస్తుంది.

"ఎవరూ లేరు సాబ్, ఆయనే నేసినాడు. పాపం, ఈ మధ్య కుడిచెయ్యి రవ్వంత వణుకుతాంది. నేను చెప్పినానని అనొద్దు."

"అరెరే" అన్నాడు సాబు. ఆ అరెరే నిజమైన బాధతో అన్నది. పంచె మడిచి, అమ్మే వాటిలో పెట్టకుండా పైన అటక మీద పెట్టించాడు.

స్నేహితుడు వారం తర్వాత భార్యను తీసుకుని ఇంటికొచ్చాడు. ఖాళీ మగ్గం చూసి గుంట అంచున నిలబడ్డాడు.

"ముగించినావా?"

"ముగించినాను. సాబుకు ఇచ్చేసినాను."

"ఏమన్నాడు?"

"బాగుందన్నాడు."

ఇది రెండో అబద్ధం. మొదటిది చెప్పాక రెండోదానికి ఏ కష్టమూ లేదు.

అప్పటి నుంచి అతనికి ముతక నూలే. సాబు మర్యాదస్తుడు. నీ చెయ్యి పోయింది అని నేతగాడి మొహం మీద ఎవరూ అనరు. సన్నవి ఇప్పుడు నడవడం లేదప్పా అంటారు, ముతక నూలు కట్ట చేతిలో పెడతారు, టీ ఇప్పిస్తారు. ఆ టీ తాగినవాడికి అర్థమైపోతుంది. నా స్నేహితుడు రెండేళ్లు తువ్వాళ్లు నేశాడు. నేను కనపడినప్పుడల్లా ఏదో ఒక కథ చెప్పి నవ్వించాను. అతను నవ్వేవాడు. అతను నవ్వుతున్నాడు కదా, అంతా బాగానే ఉంది అనుకున్నాను. అనుకోలేదు, అనుకున్నట్టు నాకు నేనే చెప్పుకున్నాను.

ఆ శుక్రవారం క్లాసు అయ్యాక మెట్ల మీద ఆ అమ్మాయి అంది.

"మామా, వచ్చే ఆదివారం మా నాయన మగ్గం ఇప్పేస్తాడంట. కట్టె అడితివానికి మాట్లాడినాడు. ఈడ పత్తిమిల్లులో గేటు కాడ కాపలా పని ఉందంట, దానికి వస్తాడంట."

"ఎందుకమ్మా?"

"తువ్వాళ్లు నేసేదానికి నేనే ఎందుకు, ఎవడైనా సాలు అంటాడు."

ఆమె బస్టాండు వైపు పోయింది. నేను మళ్లీ పైకెక్కి బోర్డు చూశాను. వచ్చేసరికి అతని చోటు అతనికి ఉండాల అని చెప్పింది నేనే. మూడు మూరల కోసం కూర్చున్నవాణ్ని, అతని చోటే లేకుండా చేశాను. మెకానిక్కు అడిగిన మాట నేను బోర్డు మీద రాయలేదు గానీ, ఎమ్మిగనూరులో చేసి వచ్చాను. బోర్డు తుడిచేశాను.

శనివారం పొద్దున అంగడి తెరవగానే సాబు ముందర నిలబడ్డాను.

"సాబ్, రెండేండ్ల కిందట నేను మీకొక అబద్ధం చెప్పినాను."

"ఒకటేనా మాస్టరూ?" సాబు నవ్వాడు. "ఏది? కట్టె తరుముకున్నదా, టమేటా ఆటో ఎక్కినదా?"

"వణుకు. ఆయన చెయ్యి వణుకుతాందని చెప్పినాను చూడండి, అది. ఆయన చేతికి ఏం కాలేదు. ఆ మూడు మూరలు నేసింది నేను."

సాబు నవ్వడం ఆపాడు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేశాడు.

"మగ్గం ఇప్పుతాడని తెలిసింది నాకు కూడా. దోస్తు కోసం తప్పు మీ మీద వేసుకుంటాండారు. మంచి మనసు. కానీ ఇట్ల చెయ్యొద్దు మాస్టరూ. ఆయన బదులు మీరు ఎన్నింటికని నిలబడతారు?"

జీవితంలో ఒక్కసారి నిజం చెబితే, దాన్ని కూడా త్యాగం కింద జమ వేసుకుంటున్నాడు! ప్రమాణాలు చేశాను. ఉమ్మితో అతికిన రెండు పోగుల సంగతి చెప్పాను. సాబు అటక మీది పంచెను దింపించి, నేను చెప్పిన రెండు చోట్లా వేలుపెట్టి వెతికాడు. దొరికాయి. అప్పుడు అతని మొహం మారింది.

"నాలుగు దినాలు ఆలస్యమవుతాదని ఒక మాట చెప్పింటే ఆగుతుంటిని కదా!" అన్నాడు. ఆ గొంతులో కోపం కంటే ఎక్కువగా, అయ్యో అనడం ఉంది. "అయినా మీ నోటిని నేను నమ్మను. గుడ్డ చెప్తే నమ్ముతాను."

సన్న నూలు కట్ట ఒకటి తీసి, పాత పంచెతో కలిపి నా చేతిలో పెట్టాడు. "ఒక పంచె నేయమని చెప్పండి. ఇది ఎందుకు ఇచ్చినానో కూడా మీరే చెప్పండి."

ఎమ్మిగనూరు బస్సులో కట్టను ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. దోవ పొడుగునా చెప్పే తీరు వెతుక్కున్నాను. నవ్వించి చెప్పే తీరు నాలుగు రకాలు దొరికాయి. మామూలుగా చెప్పే తీరు ఒక్కటి దొరకలేదు.

ఆదివారం దాకా ఆగకుండా నా స్నేహితుడు అప్పటికే మగ్గం తాళ్లు విప్పుతున్నాడు. కట్ట, పంచె అతని ముందు పెట్టి చెప్పేశాను. ఎట్లా చెప్పానో నాకే గుర్తు లేదు. విన్నంతసేపు అతను పంచె మీద చెయ్యి పోనిస్తున్నాడు. ఒకచోట వేలు ఆపాడు.

"ఈడ నుంచి నువ్వు."

"అవును."

కుడిచెయ్యి చాచి, వేళ్లు విడదీసి, దాన్నే చూస్తూ నిలబడ్డాడు. గోడకు కొట్టిన మేకులా ఉంది ఆ చెయ్యి.

"సాబు పైకి అనలేదు గానీ సన్న నూలు నిలిపితే అర్థమేందో నాకు తెలుసప్పా. రెండేండ్లు, దినామూ పొద్దున లేస్తానే ఇట్ల చెయ్యి చాచి చూసుకుంటి. వణకదు. నాకు కనపడకుండా వణుకుతాందేమో అనుకుంటి. మా ఆమెతో కూడా చెప్పలేదు. గ్లాసు పట్టుకోవాలన్నా ఎవరైనా చూస్తాండారేమో అనుకుంటి."

నేను చెప్పిన కథల్లో ఇంతగా నమ్మిన కథ ఇంకొకటి లేదు. నమ్మినవాడు ఆ కథ విననేలేదు.

"నేను ఆ దినం ఫోనులో నీకేం చెప్పినాను?" అని అడిగాడు.

జవాబుకు ఆగకుండా తాళ్లు తిరిగి బిగించడం మొదలుపెట్టాడు. కాసేపటికి మొహం ఇటు తిప్పకుండానే అన్నాడు.

"కూచో. మగ్గం మీద కాదు. ఆ రాట్నం కాడ. కండెలు సుట్టు."

నాడెలో పెట్టే చిన్న కండెలకు నూలు చుట్టడం ఇంట్లో ఆడవాళ్లు, పిల్లలు చేసే పని. నేను ఆరేళ్ల వయసులో చేసింది. రాట్నం ముందు గొంతుక్కూర్చుని చుట్టాను. మోకాళ్లు పట్టుకున్నాయి. నూలు పది నిమిషాలకొకసారి తెగింది. తెగినప్పుడల్లా అతనికి వినబడింది, అయినా చూడలేదు. నీళ్ల బిందెతో లోపలికొచ్చిన అమ్మాయి నన్ను చూసి నిలబడిపోయింది.

"మామా! మా అమ్మకు ఫిల్ ఇన్ చేస్తాండారా?"

"అవునమ్మా."

"మీ సార్‌కు ఇంక దినామూ ఇదే పని, పంచె అయ్యేదాకా" అన్నాడు నా స్నేహితుడు. అది తమాషాకు అన్నదో శిక్షో ఇప్పటికీ తెలియదు. నేను మాత్రం ప్రతి ఆదివారం, సెలవు దొరికిన ప్రతి పూటా పోయి చుట్టాను.

పంచె తయారయ్యాక నేనే సాబుకు తీసుకుపోయాను. సాబు నిమిరాడు. చెయ్యి ఎక్కడా ఆగలేదు. వాకిట్లోకి కూడా పోలేదు. ఇంకో నూలు కట్ట తీశాడు, నేను చెయ్యి చాపాను, కట్టను వెనక్కి లాక్కున్నాడు.

"ఇకమీదట ఆయన్నే వచ్చి తీసుకపొమ్మనండి. మీ చేతికి ఇయ్యను."

సరే అన్నాను. మగ్గం నిలబడింది. పత్తిమిల్లు గేటుకు ఇంకొకరు దొరికారు. నా స్నేహితుడు నాతో మాట్లాడతాడు. నా కథలకు మాత్రం ఇంతకుముందులా నవ్వడు, చివరిదాకా విని, ఇందులో నిజమెంత అని అడుగుతాడు.

అదే ప్రశ్న మీరూ అడుగుతారని తెలుసు. మొదట్లో తువ్వాలు మీద చెయ్యి పెట్టాను. చెయ్యి ఇప్పటికీ దాని మీదే ఉంది, కాబట్టి చెప్పేస్తున్నాను. ఇందులో ఒక్కటి కల్పించాను. అతను నన్ను కూర్చోమన్నాడని రాశాను చూశారా, అది. ఫోనులో అతను చెప్పింది వేరే.

"వాన వస్తాది, కిటికీ కాడ జల్లు పడతాది. పోయి మగ్గం మీద దుప్పటి కప్పు. సాబుకు నాలుగు దినాలు ఆలస్యమవుతాదని చెప్పు. అంతే. మగ్గం ముట్టొద్దప్పా."

కప్పమన్న దుప్పటినే కింద వేసుకుని కూర్చున్నాను. ఎవరూ రమ్మనని చోటికి పోయి, ఎవరూ అడగని బదులు నిలబడ్డాను. కాదనలేక పోయానని రాసుకుంటే ఈ కాగితం మీదైనా కొంచెం మంచివాణ్ని అవుతానేమో అనుకున్నాను.

ఆ అమ్మాయి వాక్యంలో తప్పేమీ లేదు. సోమవారం నోటుబుక్కు అడిగి తీసుకుని, ఆ ప్రశ్నార్థకం కొట్టేయాలి. ఎందుకు పెట్టారు సార్ అని మళ్లీ అడుగుతుంది. ఈసారి పెన్ను జారలేదని చెప్పాలి.